మతగురువు జేమ్స్ బ్రాడ్లీ ఖగోళ శాస్త్రజ్ఞుడు ఎలా అయ్యాడు? థేమ్స్ నదిలో పడవ కథ నిజమేనా?

మీ ప్రశ్న సారాంశం ఇది: బీఎస్సీ పాఠ్యపుస్తకంలో కాంతి అబరేషన్ (భూమి కదలిక వల్ల నక్షత్రం అసలు దిశకు కొంచెం పక్కన కనిపించడం) పాఠం కింద జేమ్స్ బ్రాడ్లీ పేరు రెండు వాక్యాల్లో ముగిసిపోయింది; ఆయన చర్చి గురువని వేరేచోట చదివి ఆశ్చర్యపోయారు; అలాంటి మనిషి నక్షత్రాల వైపు ఎలా వచ్చాడో, గురువుగా ఉండడం ఎందుకు మానేశాడో, పడవ షికారులో ఆలోచన తట్టిందన్న కథ ఎంతవరకు నిజమో చెప్పమన్నారు. ఈ పాఠాన్ని డిగ్రీ కళాశాలలో చాలా ఏళ్లు చెప్పాను. బ్రాడ్లీ తన రెండు ఆవిష్కరణల గురించి రాసిన లేఖలను ఒకటికి రెండుసార్లు చదువుకున్నాను. అందువల్ల కాస్త విపులంగానే రాస్తాను. ఆ రెండు వాక్యాల వెనుక నలభై ఏళ్ల పని ఉంది.

ముందుగా మీ ఆశ్చర్యం గురించి ఒక మాట. ఆ కాలపు ఇంగ్లండులో గురువు ఖగోళ శాస్త్రజ్ఞుడు కావడం వింతేమీ కాదు. గ్రీనిచ్ అబ్జర్వేటరీకి అధిపతులైన తొలి ఐదుగురు రాజఖగోళజ్ఞులలో ఫ్లామ్‌స్టీడ్, బ్రాడ్లీ, బ్లిస్, మాస్కెలిన్ అనే నలుగురు చర్చి అభిషేకం పొందినవారే. ఒక్క ఎడ్మండ్ హేలీ మాత్రమే అభిషేకం పొందనివాడు. ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాలు ఆంగ్లికన్ చర్చి నీడలో నడిచేవి. పెద్ద ఆస్తి లేని ఇంటి పిల్లవాడు చదువుకుంటే అతని ముందు కనిపించే నమ్మకమైన జీవనోపాధి ఒక పారిష్‌కు, అంటే ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతానికి, గురువు కావడమే. ఉండడానికి ఇల్లు, ఏటా పంటలో పదోవంతుగా వచ్చే ఆదాయం, ఆదివారాలు పోను మిగిలిన వారంలో కొంత తీరిక అందులో దొరికేవి. మన వైపు పౌరోహిత్యం చేస్తూనే పంచాంగ గణితం చేసిన సిద్ధాంతులు ఎందరో ఉన్నారు కదా. వృత్తికీ విద్యకూ ఉండే ఆ పొత్తు మనకు కొత్త కాదు.

బ్రాడ్లీ గ్లాస్టర్‌షైర్‌లోని షెర్‌బోర్న్ అనే పల్లెలో 1690ల తొలి సంవత్సరాల్లో పుట్టాడు. నార్త్‌లీచ్ గ్రామర్ స్కూల్లో చదువుకుని, 1711లో ఆక్స్‌ఫర్డులోని బేలియల్ కాలేజీలో చేరి, 1714లో బీఏ, 1717లో ఎంఏ పూర్తిచేశాడు. ఈ వివరాల్లో ఖగోళ శాస్త్రం జాడ ఎక్కడా కనిపించదు. ఆ విద్య ఆయనకు కాలేజీలో కాకుండా మేనమామ ఇంట్లో అబ్బింది.

ఆ మేనమామ జేమ్స్ పౌండ్ జీవితానికి మన కోస్తాతో నిజమైన సంబంధం ఉంది. అతడూ గురువే. ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి, 1699లో మద్రాసులోని సెయింట్ జార్జి కోటకు, అంటే మన పెద్దలు చెన్నపట్నం అని పిలిచిన ఊరికి, అక్కడి వర్తకుల ప్రార్థనలు నడిపే చాప్లిన్‌గా వచ్చాడు. అక్కడి నుంచి ఇప్పటి వియత్నాంకు దక్షిణాన ఉన్న పులో కొండోర్ దీవుల్లోని కంపెనీ స్థావరానికి వెళ్లాడు. 1705 మార్చి 3 తెల్లవారుజామున స్థావరంలోని సిపాయిలు తిరగబడి అక్కడి ఇంగ్లీషువారిలో చాలామందిని చంపేశారు. పౌండ్, మరికొద్దిమంది ఒక చిన్న ఓడ ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. అతడు పోగుచేసుకున్న కాగితాలు మాత్రం నాశనమయ్యాయి. అన్నీ పోగొట్టుకుని ఇంగ్లండు చేరిన ఈ మనిషిని 1707లో లండను దగ్గరి వాన్‌స్టెడ్ అనే ఊరి చర్చికి రెక్టరుగా నియమించారు. అక్కడే అతడు తన రాత్రులను నక్షత్రాలకు అప్పగించి, ఇంగ్లండులోని మంచి పరిశీలకుల్లో ఒకడయ్యాడు. న్యూటన్, హేలీ ఇద్దరూ అతని కొలతలను నమ్మి వాడుకున్నారు.

బ్రాడ్లీ చదువుకు కొంత ఖర్చు భరించినవాడు ఈ మేనమామే. 1717లో మశూచి సోకినప్పుడు పక్కనుండి సేవ చేసి బతికించుకున్నదీ అతని ఇంటివారే. ఆ ఇంటి ఆవరణలో ఒక ఎత్తైన కొయ్యస్తంభం ఉండేది. అంతకు ముందు లండనులోని స్ట్రాండ్ వీధిలో వసంతోత్సవాల కోసం నిలబెట్టిన స్తంభం అది. దాన్ని తొలగించినప్పుడు న్యూటన్ సంపాదించి వాన్‌స్టెడ్‌కు పంపించాడు. ఇంగ్లండు శాస్త్రజ్ఞుల సంఘమైన రాయల్ సొసైటీ దగ్గర అప్పటికే హైగెన్స్ ఇచ్చిన ఒక కటకం ఉంది, దాని నాభ్యంతరం 123 అడుగులు. అంత పొడుగు గొట్టం ఎవరూ చేయలేరు కాబట్టి కటకాన్ని స్తంభం మీదికి ఎక్కించి, పరిశీలకుడు కింద చేత్తో కంటికటకం పట్టుకుని, రెండింటినీ ఒక గీత మీదికి తెచ్చుకుంటూ చూడాలి. గాలి వీస్తే బొమ్మ చేజారుతుంది, మంచు పడితే కటకం మసకబారుతుంది. మామా మేనల్లుళ్లు ఇలాంటి సాధనంతోనే గురుగ్రహపు ఉపగ్రహాలను, శనివలయాలను కొలిచారు. తన సాధనం ఎక్కడ తప్పు చెబుతుందో కనిపెట్టి, ఆ తప్పును లెక్కలోంచి తీసేసే అలవాటు బ్రాడ్లీకి జీవితాంతం ఉంది. అది ఈ ఆవరణలోనే పడిందని నా అభిప్రాయం.

1718లో హేలీ సిఫారసుతో రాయల్ సొసైటీ సభ్యత్వం వచ్చింది. మరుసటి ఏడు, 1719లో, మొదట డీకన్‌గా, తర్వాత పూర్తి గురువుగా అభిషేకం పొందాడు. హియర్‌ఫర్డ్ బిషప్ ఆయనను బ్రిడ్‌స్టో పారిష్‌కు వికారుగా నియమించి, తన సొంత చాప్లిన్‌గా కూడా చేసుకున్నాడు. వేల్స్‌లోని మరొక పారిష్ ఆదాయం కూడా కలిసింది. బిషప్పు ఆదరణ ఉన్న యువకుడు కాబట్టి అలాగే ఉండిపోతే చర్చిలో పెద్ద పదవులే దక్కేవి.

1721లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో సవీలియన్ ఖగోళశాస్త్ర ఆచార్య పదవి ఖాళీ అయింది. ఆ పదవిని స్థాపించిన సవీల్ తన శాసనంలో ఒక షరతు పెట్టాడు: ఆచార్యుడు చర్చి పదవులేవీ నిర్వహించకూడదు. బ్రాడ్లీ తన పారిష్‌లకు రాజీనామా ఇచ్చి ఆచార్య పదవిని తీసుకున్నాడు. మీరు అడిగిన "ఎందుకు మానేశాడు" అన్న దానికి సూటి జవాబు ఇదే. విశ్వాసం సడలి మానేశాడనో, చర్చి అతణ్ని వెళ్లగొట్టిందనో అక్కడక్కడా కనిపించే మాటలకు ఆధారం లేదు. అభిషేకం పొందిన మనిషిగానే ఆయన చివరిదాకా ఉన్నాడు, రెవరెండ్ అన్న గౌరవ పదం ఆయన పేరు ముందు అలాగే ఉంది. వదిలింది పారిష్ ఉద్యోగాన్ని, దాని ఆదాయాన్ని. కొత్త జీతం గొప్పదేమీ కాదు. ఆక్స్‌ఫర్డులో ఇల్లు పెట్టుకోకుండా, 1732 దాకా వాన్‌స్టెడ్‌లోనే ఉంటూ ఉపన్యాసాలకు మాత్రం వెళ్లివస్తూ గడిపాడు.

ఇక అసలు కథలోకి వద్దాం. భూమి సూర్యుని చుట్టూ తిరుగుతున్నదని అప్పటికి చదువుకున్నవారంతా ఒప్పుకున్నారు, కానీ దానికి ప్రత్యక్ష రుజువు ఒక్కటీ లేదు. భూమి ఆరు నెలల్లో తన కక్ష్యకు ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్తుంది కాబట్టి దగ్గరి నక్షత్రం కొంచెం పక్కకు జరిగినట్టు కనిపించాలి. పారలాక్స్ అనే ఈ జరుగుబాటును కొలవగలిగితే భూమి కదలిక రుజువవుతుంది, నక్షత్రం ఎంత దూరంలో ఉందో కూడా తేలుతుంది. రాబర్ట్ హుక్ 1669లో లండనులో గామా డ్రాకోనిస్ అనే నక్షత్రంలో దాన్ని కనిపెట్టానని ప్రకటించాడు, కానీ అతని కొలతలు చాలా కొద్ది. ఆ పరిశీలనను గట్టి సాధనంతో మళ్లీ చేయాలని సంకల్పించినవాడు శామ్యూల్ మోలినో అనే సంపన్నుడు. తన మిత్రుడైన బ్రాడ్లీని అతడు తోడు తీసుకున్నాడు.

ఆ నక్షత్రమే ఎందుకంటే అది లండనులో దాదాపు సరిగ్గా నడినెత్తి మీదుగా పోతుంది. విజయవాడలో ఉన్నవారు రోహిణి నక్షత్రాన్ని గమనించండి. ఊరి అక్షాంశం, నక్షత్రపు క్రాంతి రెండూ పదహారున్నర డిగ్రీల దగ్గర ఉండడం వల్ల అది తల మీదుగానే దాటుతుంది. దిగంతం దగ్గరి నక్షత్రపు కాంతిని వాతావరణం వంచుతుంది, నడినెత్తిన ఉన్న దాన్ని వంచదు. కాబట్టి అక్కడ సన్నని కదలికనైనా నమ్మకంగా కొలవవచ్చు.

లండను పశ్చిమాన క్యూ అనే చోట మోలినో ఇల్లు. గడియారాల తయారీలో పేరుమోసిన జార్జ్ గ్రాహం 24 అడుగులకు కొంచెం పైబడిన టెలిస్కోపు చేసి ఇచ్చాడు. దాన్ని ఆ ఇంటి పొగగొట్టపు కట్టడానికి నిటారుగా బిగించి, కప్పుకూ అంతస్తుల నేలకూ రంధ్రాలు చేశారు. తాపీమేస్త్రీలు గోడ నిలువు చూసుకునే గుండుదారం లాంటిదే ఒకటి గొట్టం పక్కన వేలాడుతుంటుంది. పరిశీలకుడు అడుగున కూర్చుని, ఒక మర తిప్పుతూ గొట్టాన్ని వెంట్రుకవాసి వంచి, నక్షత్రాన్ని కంటికటకంలోని తీగ మీదికి తెస్తాడు. ఎంత వంచవలసివచ్చిందో గుండుదారం చెబుతుంది. కోణాల కొలత గురించి మన పంచాంగాల మాటలే వాడుకుందాం: డిగ్రీలో అరవయ్యో వంతు కళ, కళలో అరవయ్యో వంతు వికల. ఏడు మీటర్లకు పైబడిన ఆ గొట్టం అడుగున ఒక వికల అంటే మిల్లీమీటరులో ముప్పయ్యో వంతుకు దగ్గర, అంటే తలవెంట్రుక మందంలో సగం. వారు వెతుకుతున్నది ఆ పాటి కదలిక.

1725 డిసెంబరు 3న తొలి పరిశీలన జరిగింది. ఆ నెలలో మరో మూడుసార్లు చూసినా స్థానంలో చెప్పుకోదగ్గ తేడా లేదు, ఉండకూడదు కూడా. ఆ నక్షత్రం విషయంలో డిసెంబరు మధ్యకాలానికి పారలాక్స్ వల్ల కలిగే దక్షిణపు జరుగుబాటు చివరి అంచుకు చేరి నిలకడగా ఉంటుంది. డిసెంబరు 17న బ్రాడ్లీ, ఇక కొంతకాలం పని లేదని తెలిసీ, ప్రధానంగా కుతూహలం కొద్దీ మళ్లీ చూశాడు. నక్షత్రం మునుపటి కన్నా కొంచెం దక్షిణంగా దాటింది. మొదట కొలతలో పొరపాటేమో అనుకున్నారు. 20వ తేదీన మళ్లీ చూస్తే ఇంకా దక్షిణానికి పోయింది. సాధనాన్ని అన్ని విధాలా పరీక్షించారు, దోషం దొరకలేదు. మార్చి వచ్చేసరికి 20 వికలలు దక్షిణానికి జరిగి ఆగింది. ఏప్రిల్‌లో వెనక్కి మళ్లింది. జూన్‌లో మొదటి చోటికి చేరింది. సెప్టెంబరులో అంతే మేర ఉత్తరానికి వెళ్లి, డిసెంబరుకు తిరిగి బయలుదేరిన చోటికి వచ్చింది. ఏడాదికి ఒక ఆవృత్తం ఉంది గనుక కారణం భూమి పరిభ్రమణంతోనే ముడిపడి ఉండాలి, కానీ కదలిక పారలాక్స్ కన్నా మూడు నెలలు తప్పి నడుస్తోంది.

ఇక్కడ బ్రాడ్లీ చేసిన పనిని నేను తరగతిలో ప్రత్యేకంగా చెప్పేవాణ్ని. భూమి అక్షమే ఊగుతోందేమో అని ఆయనకు ముందు అనుమానం వచ్చింది. అదే నిజమైతే ధ్రువానికి అవతలి వైపు, దాదాపు అంతే దూరంలో ఉన్న మరో నక్షత్రం సమానంగా, ఎదురు దిశలో జరగాలి. అలాంటి ఒక చిన్న నక్షత్రాన్ని ఎంచుకుని చూస్తే అది సగం మేరకే జరిగింది. ఊహ కొట్టుకుపోయింది. వాతావరణపు వక్రీభవనం కారణమా అని అదీ పరీక్షించి తోసిపుచ్చాడు. ఒక్క నక్షత్రంతో ఈ నియమం తేలదని గ్రహించి, గ్రాహం చేతనే పన్నెండున్నర అడుగుల మరో సాధనం చేయించుకున్నాడు. మేనమామ 1724లో కాలం చేయగా అత్త ఉంటున్న వాన్‌స్టెడ్ ఇంట్లో 1727 ఆగస్టు 19న దాన్ని అమర్చాడు. అది నడినెత్తికి ఇరువైపులా ఆరుంపావు డిగ్రీల దాకా వంగగలదు. కాబట్టి బ్రహ్మహృదయం వంటి ప్రకాశవంతమైన నక్షత్రంతో సహా ఎన్నో నక్షత్రాలు దాని పరిధిలోకి వచ్చాయి. ఏడాది తిరిగేసరికి నియమం చేతికి వచ్చింది: ప్రతి నక్షత్రమూ ఏటా ఒకే తీరున జరుగుతోంది, ఎంత జరుగుతుందన్నది ఆకాశంలో దాని స్థానాన్ని బట్టి ఉంది. నియమం దొరికింది గాని, కారణం అంతు చిక్కలేదు. ఈలోగా మోలినోకు నౌకాశాఖలో పెద్ద పదవి వచ్చింది, 1728లో ఆయన మరణించాడు కూడా. బ్రాడ్లీ ఒంటరిగా మిగిలాడు.

మీరు అడిగిన పడవ కథ ఇక్కడిదే. 1728 సెప్టెంబరు ప్రాంతంలో ఆయన మిత్రులతో థేమ్స్ నదిలో తెరచాప పడవ మీద షికారు వెళ్లాడట. తెరచాప కొయ్య కొసన గాలి దిశను చూపే చిన్న జెండా ఉంది. పడవ నదిలో ఎగువకూ దిగువకూ తిరుగుతుంటే, మలుపు తిరిగిన ప్రతిసారీ జెండా కొంచెం పక్కకు తిరుగుతోంది. పడవ తిరిగినప్పుడల్లా గాలి కూడా మారడం వింతగా ఉందని ఆయన అంటే, గాలి మారలేదు, పడవ దిశ మారింది కనుక జెండా అలా కనిపిస్తోంది అని సరంగులు చెప్పారట. ఈ కథ అచ్చులో కనిపించేది థామస్ థామ్సన్ 1812లో ప్రచురించిన రాయల్ సొసైటీ చరిత్రలో, అంటే సంఘటన జరిగిన ఎనిమిది దశాబ్దాల తర్వాత. ఈ ఆవిష్కరణను వివరిస్తూ హేలీకి బ్రాడ్లీ స్వయంగా రాసిన లేఖలో పడవ ప్రస్తావన లేదు. కాబట్టి దీన్ని జరిగిన సంఘటనగా పాఠంలో చెప్పడం సరికాదని నేను భావిస్తాను. "ఒక కథనం ప్రకారం" అని చెప్పవచ్చు. అయితే భౌతికశాస్త్రంగా ఆ ఉపమానం అచ్చంగా సరిపోతుంది. జెండా దిశను గాలి వేగం, పడవ వేగం కలిసి నిర్ణయిస్తాయి. నక్షత్రం కనిపించే దిశను కాంతి వేగం, భూమి వేగం కలిసి నిర్ణయిస్తాయి.

క్యూ గొట్టంతోనే దీన్ని లెక్క వేసి చూడండి. నక్షత్రపు కాంతి గొట్టం పైకొసన ప్రవేశించి అడుగుకు చేరేలోపు భూమి గొట్టాన్ని పక్కకు మోసుకుపోతుంది. భూమి వేగం సెకనుకు 30 కిలోమీటర్లు, కాంతి వేగం 3 లక్షల కిలోమీటర్లు, అంటే నిష్పత్తి పదివేలకు ఒకటి. గొట్టం పొడవు 7.4 మీటర్లు కనుక, కాంతి దిగేలోపు అది జరిగే దూరం మిల్లీమీటరులో ముప్పావు వంతు. కాంతి గొట్టం మధ్యలోనే దిగాలంటే పైకొసను భూమి పోయే దిక్కుకు ఆ ముప్పావు మిల్లీమీటరు వంచి పట్టుకోవాలి. వానలో నడిచేవాడు గొడుగును ముందుకు వంచడం కూడా ఇదే. ఆ వంపును కోణంగా మారిస్తే 20 వికలలు వస్తుంది, పొగగొట్టం దగ్గర వాళ్లు కొలిచింది సరిగ్గా అదే. పారలాక్స్ భూమి ఉన్న చోటును బట్టి ఉంటుంది, ఇది భూమి పోయే దిక్కును బట్టి ఉంటుంది. వృత్తం మీద ఆ రెంటికీ పావు చుట్టు తేడా, కాబట్టే మూడు నెలల తేడా వచ్చింది. ఈ లెక్కను నల్లబల్ల మీద చేయిస్తే, అర్థం కాలేదన్న విద్యార్థి నాకు ఒక్కరూ తగల్లేదు.

1729 జనవరిలో హేలీకి రాసిన ఆ లేఖను రాయల్ సొసైటీలో చదివారు. భూమి కదులుతోందనడానికి అది తొలి ప్రత్యక్ష రుజువు. కాంతి భూమి కన్నా సుమారు 10,210 రెట్లు వేగంగా పోతుందనీ, సూర్యుని నుంచి మనకు చేరడానికి 8 నిమిషాల 12 లేదా 13 సెకన్లు పడుతుందనీ బ్రాడ్లీ లెక్కకట్టాడు. నేటి విలువ 8 నిమిషాల 19 సెకన్లు. 1676లో రోమర్ గురుగ్రహపు ఉపగ్రహాల గ్రహణాలను బట్టి కాంతికి వేగం ఉందని చెప్పినా చాలామంది సందేహిస్తూనే ఉన్నారు. పూర్తిగా వేరే దారిలో వచ్చిన ఈ ఫలితంతో ఆ సందేహం తీరిపోయింది. పారలాక్స్ విషయంలోనూ ఆయన నిక్కచ్చిగా మాట్లాడాడు: ఒక వికల మేర ఉండి ఉంటే తన సాధనానికి తప్పకుండా చిక్కేది, చిక్కలేదు గనుక ఆ నక్షత్రం సూర్యునికన్నా 4 లక్షల రెట్లకు మించిన దూరంలో ఉండాలి.

చాలామంది రచయితలు బ్రాడ్లీ కథను ఇక్కడ ఆపేస్తారు. నాకు మాత్రం ఆ తర్వాతి ఇరవై ఏళ్లే ఎక్కువ విలువైనవిగా తోస్తాయి. అబరేషన్‌ను లెక్కలోంచి తీసేసినా వాన్‌స్టెడ్ నక్షత్రాలు ఏటికేడు ఒకటి రెండు వికలలు తప్పుతూనే ఉన్నాయి. విషువత్తుల చలనం, అంటే మన పంచాంగాల్లో అయనాంశగా లెక్కకు వచ్చే ఏడాదికి 50 వికలల జరుగుబాటు, ఆ తేడాను పూర్తిగా పూరించడం లేదు. ఇదంతా చంద్రుని వల్లనేమో అని కొన్నేళ్లలోనే ఆయనకు అనుమానం వచ్చింది. తెలుగు పాఠకుడికి దీన్ని చెప్పడం చాలా తేలిక. చంద్రుని కక్ష్య సూర్యుని మార్గాన్ని దాటే రెండు బిందువులనే మనం రాహుకేతువులు అంటాం. రాహువు ఒక్కో రాశిలో సుమారు ఏడాదిన్నర ఉండి, పన్నెండు రాశులను 18.6 ఏళ్లలో వెనక్కి చుట్టివస్తాడని మన ఇళ్లలో అందరికీ తెలుసు. రాహువు మేషారంభంలో ఉన్న ఏడాదుల్లో చంద్రుడు ప్రతి నెలా ఖగోళమధ్యరేఖకు ఇరువైపులా ఇరవై ఎనిమిదిన్నర డిగ్రీల దాకా వెళ్తాడు; తులారంభంలో ఉన్నప్పుడు పద్దెనిమిదిన్నర దగ్గరే వెనక్కి తిరుగుతాడు. భూమధ్యరేఖ దగ్గర ఉబ్బుగా ఉన్న భూమిని చంద్రుడు లాగే తీరు ఆ మేరకు మారుతుంది, దానితో భూమి అక్షం సన్నగా తలూపుతుంది. న్యూటేషన్ అనే ఈ ఊగిసలాట మధ్యస్థానానికి అటు 9, ఇటు 9 వికలలు.

1736 నాటికి, అంటే రాహువు సగం చుట్టు పూర్తిచేసేసరికి, నక్షత్రాలు 18 వికలల మేర జరిగి వెనక్కి మళ్లాయి. ప్రకటించడానికి అది చాలుననే చాలామంది అనుకునేవారు. బ్రాడ్లీ మాత్రం మిగిలిన సగం కూడా చూసేదాకా ఆగాడు. మధ్యలో కాపురం ఆక్స్‌ఫర్డుకు మారింది, 1742లో గ్రీనిచ్ పదవి వచ్చింది. అయినా సాధనాన్ని కదిపితే కొలతల వరుస తెగుతుందని దాన్ని వాన్‌స్టెడ్‌లోనే ఉంచి, ఏటా అక్కడికి వెళ్లి అవే నక్షత్రాలను చూసివస్తూ గడిపాడు. 1727లో మొదలైన చుట్టు 1747లో పూర్తయిన తర్వాతే, 1748 ఫిబ్రవరిలో మాక్లెస్‌ఫీల్డ్ ప్రభువుకు లేఖగా దాన్ని వెల్లడించాడు. ఆ ఏడాది రాయల్ సొసైటీ వారి కోప్లీ పతకం ఆయనకు దక్కింది. మరుసటి ఏడే ఫ్రాన్సులో డాలంబర్ న్యూటన్ సూత్రాల నుంచి ఈ ఊగిసలాటను గణితంగా రాబట్టి, కొలత సరైనదేనని చూపించాడు.

గ్రీనిచ్‌లో హేలీ తర్వాత మూడో రాజఖగోళజ్ఞుడిగా అడుగుపెట్టేసరికి అక్కడి సాధనాలు పాడుబడి ఉన్నాయి. వాటిని సరిచేస్తూ కొన్నేళ్లు నెట్టుకొచ్చాక, నౌకాశాఖ పాత సామాను అమ్మగా వచ్చిన డబ్బులోంచి వెయ్యి పౌన్లు మంజూరయ్యాయి. ఆ డబ్బుతో జాన్ బర్డ్ చేసిన ఎనిమిది అడుగుల గోడ క్వాడ్రంట్ (నక్షత్రాల ఎత్తును కొలిచే పావు వృత్తపు సాధనం), ఒక కొత్త ట్రాన్సిట్ టెలిస్కోపు (నక్షత్రం ఉత్తర దక్షిణ రేఖను దాటే క్షణాన్ని చూసేది) వచ్చాయి. 1750 నుంచి ప్రతి పరిశీలన పక్కనా గాలి పీడనం, ఉష్ణోగ్రత రాయడం మొదలుపెట్టాడు, ఎందుకంటే చల్లగాలి, వేడిగాలి కాంతిని ఒకేలా వంచవు. ఆ ట్రాన్సిట్ టెలిస్కోపు నిలిచిన రేఖ మీదే బ్రిటన్ సర్వే పటాల శూన్య రేఖాంశం ఏర్పడింది. నేడు పర్యాటకులు కాళ్లు అటూ ఇటూ పెట్టి ఫొటో దిగే గీతకు అది దాదాపు ఆరు మీటర్లు పడమరన ఉంది.

ఆయన గురుత్వం మళ్లీ ప్రస్తావనకు వచ్చింది ఈ రోజుల్లోనే. రాజఖగోళజ్ఞుడి జీతం మరీ తక్కువని తెలిసిన ప్రధాని పెల్హాం, గ్రీనిచ్ పారిష్ వికారు పదవిని కూడా తీసుకోమని అడిగాడు. ఇంటి పక్కనే చర్చి, మంచి ఆదాయం, అభిషేకం ఎలాగూ ఉంది. ఆ కాలంలో అలా రెండు మూడు పదవులు పెట్టుకుని, పని అద్దెగురువుల చేత చేయించడం మామూలే. బ్రాడ్లీ వద్దన్నాడు. పాస్టరు చేయవలసిన సేవకూ తన చదువుకూ పొంతన కుదరదని ఆయన చెప్పిన కారణం. అలా చెప్పడానికి ఆ పని అంటే నిజమైన గౌరవం ఉండాలి. చేయలేని కొలువుకు జీతం తీసుకోకూడదని తలచాడు కాబట్టి, ఈ తిరస్కారంలో నాకు ఆయనలోని గురువే కనిపిస్తాడు. దానికి బదులుగా 1752లో రాజు ఏటా 250 పౌన్ల పెన్షను ఏర్పాటు చేశాడు.

అదే 1752లో ఇంగ్లండు పాత జూలియన్ క్యాలెండరును వదిలింది. సెప్టెంబరు 2 తర్వాతి రోజు సెప్టెంబరు 14 అయింది. ఆ మార్పుకు లెక్కలు చూడడంలో మాక్లెస్‌ఫీల్డ్‌కు సాయపడినవాడు బ్రాడ్లీ. పదేళ్ల తర్వాత ఆయన జబ్బుపడితే, పండుగ తేదీలను తారుమారు చేసిన పాపానికి దేవుడు వేసిన శిక్ష అని కొందరు సామాన్యులు అనుకున్నారని చెబుతారు. 1757లో భార్య సుసానా పోయింది. 1761లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటిన అపురూప ఘట్టాన్ని గ్రీనిచ్ నుంచి ఆయన చూడలేకపోయాడు. అనారోగ్యం వల్ల ఆ పని బ్లిస్ చేశాడు. 1762 జులై 13న సొంత జిల్లాలోని చాల్‌ఫర్డ్‌లో కన్నుమూశాడు, మించిన్‌హాంప్టన్ చర్చి ఆవరణలో సమాధి చేశారు.

గ్రీనిచ్‌లో రాసిన వేలాది పరిశీలనల పుస్తకాలు ఆయన ఆస్తిగా వారసుల చేతికి వెళ్లాయి. అవి ప్రభుత్వ సొత్తని దావా పడింది, ఏళ్ల తరబడి నడిచింది, చివరికి కాగితాలు ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయానికి చేరి 1798లో ఒక సంపుటం, 1805లో మరొకటి అచ్చయ్యాయి. చూసినవాడు పోయిన 36 ఏళ్లకు ఆ అంకెలు వెలుగు చూశాయి. జర్మనీలో బెస్సెల్ అనే యువకుడు వాటిని చేతపట్టి, సాధనాల దోషాలు, వక్రీభవనం, అబరేషన్, న్యూటేషన్ అన్నిటినీ సరిదిద్ది, 1818లో 3,222 నక్షత్రాల స్థానాలను 1755 నాటికి నిర్ణయిస్తూ గ్రంథం వెలువరించాడు. బ్రాడ్లీ వాతావరణపు వివరాలు రాసిపెట్టి ఉండకపోతే ఆ సవరణలు సాధ్యమయ్యేవి కావు. నక్షత్రాలకు సొంత చలనం ఎంతో కనుక్కోవాలంటే ఆ తర్వాతి తరాలు 1755 నాటి ఈ స్థానాల దగ్గరికే వచ్చేవి.

క్యూలో వెతకబోయిన పారలాక్స్‌ను తొలిసారి నమ్మదగ్గ రీతిలో కొలిచినవాడు కూడా ఈ బెస్సెలే: 1838లో, 61 సిగ్ని అనే నక్షత్రానికి, ఒక వికలలో మూడో వంతు కన్నా కొంచెం తక్కువ. బ్రాడ్లీ ఎంచుకున్న గామా డ్రాకోనిస్ పారలాక్స్‌ను ఈనాడు ఉపగ్రహాలు కొలిచాయి. అది ఒక వికలలో సుమారు యాభయ్యో వంతు. మోలినో ఇంటి పొగగొట్టానికి బిగించిన ఆ 24 అడుగుల టెలిస్కోపు అడుగున అది మిల్లీమీటరులో వెయ్యో వంతుకు కూడా తక్కువ.